అత్త సాక్ష్యం మధ్యలో నేనన్న మాట

మా అత్త సాక్ష్యం చెబుతుంటే మధ్యలో ఆపాను. పదిమంది ముందు ఆపాను. 2008 వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం, కలకత్తా భవానీపూర్‌లో, హరీష్ ముఖర్జీ రోడ్డు పక్క సందులో ఆమె అద్దెకుంటున్న ఇంటి ముందుగదిలో జరిగిందిది. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు నెలకో ఇంట్లో ప్రార్థనకు చేరేవాళ్ళు. ఆ నెల వంతు మాది. అత్త లేచి నిలబడి, మామయ్య పోయిన ఏడాది సంగతి ఎత్తుకుని, "ఆ రోజు నేను మళ్ళీ పుట్టాను" అంది.

"అత్తా, ఆ మాటకు మళ్ళీ అనే అర్థం లేదు" అన్నాను నేను.

కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆమె నా వంక చూసి "అవునా నాయనా?" అని అడిగింది. నిజంగానే అడిగింది. నేను అవునన్నాను. గ్రీకులో ఆ మాట స్థలాన్ని చెబుతుందనీ, దానికి 'పైనుంచి' అన్నదొక్కటే అర్థమనీ, తెలుగు బైబిల్లో తప్పు పడిందనీ నాలుగైదు వాక్యాల్లో వివరించాను. అత్త తల ఊపి కూర్చుంది. కొంగు సర్దుకుని పాటల పుస్తకం తెరిచింది. ఎవరో పాట అందుకున్నారు. ఆ తరవాత పది నెలలు ఆమె సాక్ష్యం చెప్పడానికి లేవలేదు.

ఆ పది నెలల్లో నాకు తెలిసివచ్చిన సంగతులు చెప్పాలి. అంతకంటే ముందు, ఆ మాట అనేంత ధైర్యం నాకెలా వచ్చిందో చెప్పాలి.

గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తుంటే కలకత్తాకు బదిలీ అయింది. "అక్క ఒక్కతే ఉంటోంది, అక్కడే ఉండు" అని నాన్న పంపాడు. పొద్దున్నే జగుబాబు బజారుకు వెళ్ళి కూరలు తేవడం, ఆఫీసు, రాత్రికి అత్త వండిన అన్నం. సాయంత్రాలు తోచేది కాదు. కాలేజీ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద ఒక పాత గ్రీకు వ్యాకరణం, అరచేతిలో పట్టేంత గ్రీకు కొత్త నిబంధన దొరికాయి. వ్యాకరణం అంచుల్లో ఎవరో పెన్సిల్‌తో రాసుకున్న గుర్తులున్నాయి. అక్షరాలు పది రోజుల్లో వచ్చాయి. యోహాను సువార్త గ్రీకు సులువుగా ఉంటుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ళు దానితోనే మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టి, ఆరు నెలలకు మూడో అధ్యాయం దాకా వచ్చాను. నీకొదేము రాత్రివేళ యేసు దగ్గరికి వచ్చే అధ్యాయం అది.

అక్కడ ఉంది ఆ మాట: అనోథెన్. అనో అంటే పైన. థెన్ అన్న ప్రత్యయం మన 'నుంచి' లాంటిది. పోథెన్ అంటే ఎక్కడినుంచి, మక్రోథెన్ అంటే దూరం నుంచి, ఊరనోథెన్ అంటే ఆకాశం నుంచి. అలాంటప్పుడు అనోథెన్ అంటే పైనుంచి, అంతే కదా. తెలుగు బైబిలు తీసి చూశాను. మూడో వచనంలోనూ ఏడో వచనంలోనూ 'క్రొత్తగా' అని ఉంది. అదే అధ్యాయం ముప్పై ఒకటో వచనంలో, అదే గ్రీకు మాటకు, 'పైనుండి' అని ఉంది. ఒకే అధ్యాయంలో ఒకే మాటకు రెండు తెలుగులేమిటని కోపం వచ్చింది. ఆ కోపం కింద సంతోషం కూడా ఉంది. పెద్దవాళ్ళు చూడనిది నేను చూశానన్న సంతోషం. నా తప్పు అక్కడే మొదలైంది. వ్యాకరణం రాకపోవడం అంత పెద్ద తప్పేమీ కాదు.

ఒక నోటుబుక్కు పెట్టాను. కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట 13 చోట్ల వస్తుంది. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమ వైపు 'స్థలం' అనీ కుడి వైపు 'మినహాయింపు' అనీ రాశాను. దేవాలయపు తెర పైనుంచి కిందిదాకా చిరిగిందన్న మత్తయి, మార్కు వచనాలు ఎడమన. పిలాతుకు పైనుంచి ఇవ్వబడిన అధికారం ఎడమన. యేసు వేసుకున్న కుట్టులేని అంగీ ఎడమన. యాకోబు పత్రికలోవి మూడూ ఎడమన. నీకొదేముతో అన్న రెండు చోట్లనూ నా తీర్పు ప్రకారం ఎడమనే వేశాను. ముప్పై ఒకటో వచనంతో కలిపి ఎడమ వైపు పది అయ్యాయి. కుడి వైపు మూడే మిగిలాయి: లూకా మొదటి అధ్యాయం, అపొస్తలుల కార్యములు ఇరవై ఆరు, గలతీయుల పత్రిక నాలుగు. పదికి మూడు. మెజారిటీ నాదేనని మూసేశాను. ఆ మూడూ ఏం చెబుతున్నాయో నిలబడి చదవలేదు.

తెలుగులోకి మార్చినవాళ్ళను ఎంత చులకనగా తలచుకున్నానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతోంది. ఆ మనుషులెవరో తెలుసుకున్నాక సిగ్గుతో ముడుచుకుపోయాను. లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, క్రైస్తవుడైన ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణుడి తోడ్పాటుతో సువార్తలను తెలుగులోకి మార్చడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డెగ్రాంజ్ పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో అచ్చయ్యాయి. ఎక్కడో కాదు, కలకత్తాకు పైన, హుగ్లీ ఒడ్డున ఉన్న శ్రీరాంపూర్‌లో. అదే ఏడాది మార్చి 11న ఆ ముద్రణాలయం తగలబడి ఎన్నో భాషల అచ్చు అక్షరాలు, రాతప్రతులు బూడిదయ్యాయి. దాన్ని నడిపిన విలియం కేరీ బృందం మళ్ళీ మొదలుపెట్టింది. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో వచ్చింది. క్రాన్, డెగ్రాంజ్ ఇద్దరినీ పంపిన ఆ లండన్ మిషన్‌కు పందొమ్మిదో శతాబ్దంలో భవానీపూర్ పెద్ద కేంద్రం, ఇక్కడ వాళ్ళ విద్యాలయం ఉండేది. ఇక్కడి బడిలో ఆడపిల్లలకు చదువు చెప్పిన హన్నా కేథరిన్ మల్లెన్స్, 1852లో మామూలు ఇళ్ళ ఆడవాళ్ళ బంగ్లాలో 'ఫూల్‌మణి ఓ కరుణార్ బిబరణ్' రాసింది. విశాఖ తెలుగుకూ నేనుంటున్న వీధికీ అంత దగ్గర చుట్టరికం ఉందని తెలియకుండానే, ఆ వీధిలో కూర్చుని వాళ్ళకు మార్కులు వేశాను.

ఇంకొకటి. 1812లో అచ్చయిన ఆ మూడు సువార్తల్లో అనోథెన్ మూడే చోట్ల వస్తుంది. మత్తయిలో చిరిగిన తెర, మార్కులో చిరిగిన తెర, లూకా ముందుమాట. అంటే తెలుగు అచ్చులో మొదటిసారి ఈ మాటను మోసినవాళ్ళకు మొదటి పుస్తకాల్లోనే రెండు అర్థాలూ ఎదురయ్యాయి. తెర చిరిగింది పైనుంచి. లూకా సంగతులన్నీ తరచి తెలుసుకున్నది మొదటి నుంచి. తెరకు పెట్టిన అర్థం లూకాకు పెడితే వాక్యం నిలబడదు. ఆనందరాయరుకు రెండు శతాబ్దాల కిందట ఎదురైన ఆ ముడిని నేను 'మినహాయింపు' అని రాసి దాటేశాను.

నా నోటుబుక్కును కదిలించింది మా అత్తే. కదిలించాలని కాదు, ఊరికే తెలుసుకోవాలని.

తాతది చీరాల. గుంట మగ్గం. నాన్న చదువుకుని ఊరు వదిలాడు గానీ అత్త పెళ్ళయ్యేదాకా తాత పక్కన కూర్చుని నూలు చుట్టింది. ఆ ఏడాది వర్షాకాలంలో, నీళ్ళు నిలిచి ఆఫీసుకు వెళ్ళలేని ఒక రోజు, ఆమె యోహాను పందొమ్మిదో అధ్యాయం చదువుకుంటూ నన్ను పిలిచింది.

"అబ్బాయ్, ఈ అంగీ పైనుంచి నేశారంటున్నాడు. పైనుంచి నేయడమేమిటి? మన మగ్గం మీద పడుగు అడ్డంగా సాగి ఉంటుంది, నేసిన బట్ట ఒళ్ళోకి వస్తుంది. పైనా లేదు, కిందా లేదు."

నాకు తెలియదు. తెలియదని చెప్పలేదు, చూసి చెబుతానన్నాను. అప్పటికింకా అంతే ఎదిగాను. వారం తరవాత చదివి వచ్చి చెప్పాను. పాత గ్రీకు లోకంలో నిలువు మగ్గం ఉండేది. పైన ఒక దూలం, దానికి పడుగు దారాలు వేలాడదీసి, కింద మట్టి గుళ్ళో రాళ్ళో కట్టి బిగువు తెచ్చేవాళ్ళు. నేత దూలం దగ్గర మొదలై కిందికి దిగేది. పేకను పైకి కొట్టి దగ్గరకు చేర్చేవాళ్ళు. ఈజిప్టువాళ్ళు పేకను కిందికి కొడతారనీ మిగతావాళ్ళంతా పైకి కొడతారనీ హెరొడోటస్ రాశాడు.

అత్త కళ్ళు మూసుకుని ఆ మగ్గాన్ని ఊహించుకుంది. చేతులు గాలిలో కొంచెం కదిలాయి.

"అయితే ఆ మగ్గం మీద పైనుంచి అన్నా మొదటి నుంచి అన్నా ఒకటేగా" అంది. "దూలం దగ్గరేగా మొదలు."

నన్ను గెలవాలని అన్నది కాదు. ఆగిపోయిన ఆ సాక్ష్యం ఆమె మనసులో ఉందో లేదో కూడా నాకు తెలియలేదు. మళ్ళీ పుస్తకంలోకి తల వంచింది. నేను నా గదిలోకి వెళ్ళి నోటుబుక్కు తీశాను. నేతవాడి మనవణ్ణి. ఆ మాటలో స్థలమూ కాలమూ ఒకే దారానికి ఉన్నాయని పడుగూ పేకా చూసి పెరిగిన మనిషి చెబితే తప్ప నాకు కనపడలేదు.

అప్పుడు కుడి వైపు మూడింటినీ మొదటిసారి చదివాను. కార్యముల పుస్తకంలో, యూదులు తనను మొదటి నుంచి ఎరుగుదురని పౌలు అగ్రిప్ప ముందు అంటాడు. ఆ 'మొదటి నుంచి' అనోథెన్. గలతీయుల పత్రికలో 'మళ్ళీ' అనే అర్థమున్న పాలిన్ పక్కనే అనోథెన్ నిలబడి ఉంది. రెండూ కలిసి 'మళ్ళీ మొదటినుంచి బానిసలవుతారా' అని అడుగుతున్నాయి. ఆ మాటకు 'మళ్ళీ' అనే అర్థం లేదని పదిమంది ముందు చెప్పినవాడి నోటుబుక్కులోనే, వాడి చేతిరాతలోనే, ఆ అర్థం ఉందనడానికి రుజువుంది.

ఆ తరవాత చదివినకొద్దీ నేను చెప్పింది ఎంత పాత చర్చో తెలిసింది. నాలుగో శతాబ్దం చివర అంతియొకయలో బోధించిన యోహాను క్రిసోస్టమ్, ఈ మాటను కొందరు పరలోకం నుంచి అంటారనీ, కొందరు మొదటి నుంచి అంటారనీ తన ప్రసంగంలోనే చెప్పాడు. గ్రీకు ఆయన మాతృభాష. ఆయనే రెండూ వినిపించాడు. లాటిన్ బైబిలు 'కొత్తగా' వైపు వెళ్ళింది, లూథర్ జర్మన్ అటే వెళ్ళింది, ఇంగ్లీషులో 1611 బైబిలు 'మళ్ళీ' అంది. బంగ్లాలో నూతన జన్మ. సిరియాక్ బైబిలు మాత్రం 'తల నుంచి' అనే అర్థమిచ్చే మాట వేసింది. ఆ భాషలో తల అంటే పైభాగం, తల అంటే మొదలు. దాన్ని చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

నీకొదేమును కూడా తప్పుగా చూశాను. పైనుంచి అంటే తెలియక, ముసలివాడు రెండోసారి తల్లి గర్భంలోకి ఎలా వెళతాడని అడిగిన మందబుద్ధి అనుకున్నాను. ఆ మాట గ్రీకు చెవికి రెండు రకాలుగానూ వినపడుతుంది కాబట్టే కథలో ఆ ప్రశ్న పుట్టింది. కొద్ది వచనాల తరవాత అదే సంభాషణలో ఇంకో జంట మాట వస్తుంది. న్యూమ అంటే గాలి, న్యూమ అంటే ఆత్మ. రాసినవాడు అలాంటి మాటలనే ఏరుకుంటున్నాడు. తెలుగులో గాలి వేరు, ఆత్మ వేరు, పై వేరు, మళ్ళీ వేరు. అందుకని తెలుగు చేసినవాళ్ళు ఒక్కో చోట ఒక్కో చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. మూడో వచనంలో 'క్రొత్తగా' పట్టుకున్నారంటే, నీకొదేము ప్రశ్న తెలుగు చదివేవాడికి అర్థం కావాలని పట్టుకున్నారు. అది తప్పు కాదు. ఒకటి దక్కడానికి ఇంకొకటి వదులుకోవడం. వాళ్ళెంత ఆలోచించి వదులుకున్నారో ఇప్పుడు ఊహించగలను.

నన్ను ఎక్కువ బాధించింది మాత్రం గ్రీకు కాదు, నా తెలుగు. ముందు అంటే ఎదుట, ముందు అంటే అంతకు మునుపు. వెనక అంటే వీపు వైపు, వెనకటికి అంటే పూర్వకాలంలో. ఇకపై అంటాం, ఆపైన అంటాం, ఇకమీదట అంటాం. పై, మీద అనే స్థలపు మాటలతోనే రాబోయే కాలాన్ని చెబుతాం. చెట్టు మొదలు నేలలో ఉంటుంది, కథ మొదలు కాలంలో ఉంటుంది, రెండింటికీ ఒకే మాట. గ్రీకువాడికి మొదలు పైన ఉంటే మనకు వేరు దగ్గర ఉంది, అంతే తేడా. మళ్ళీ అన్నదే మళ్ళడంలోంచి వచ్చింది. తిరిగి అన్నది తిరగడంలోంచి వచ్చింది. నడిచేవాడు వెనుదిరిగే కదలిక అది. "మళ్ళీ పుట్టాను" అని మా అత్త అన్నప్పుడు ఆ మాటలోనే స్థలం ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ మాట్లాడుతున్న భాషలో రోజుకు యాభైసార్లు చేసే పనిని, ఇంకో భాష చేయదని ఆమె మొహం మీద చెప్పాను.

యాకోబు పత్రిక సంగతి చివరికి మిగిలింది. మూడో అధ్యాయంలో అనోథెన్ రెండుసార్లు వస్తుంది. రెండూ జ్ఞానం గురించే. పైనుంచి రాని జ్ఞానం ఎలా ఉంటుందంటే, మత్సరం, పోటీ ఉన్న చోట ఉంటుందంటాడు. పైనుంచి వచ్చేది సమాధానంగా, మెత్తగా, చెబితే వినేదిగా ఉంటుందంటాడు. ఈ రెండు వచనాలనూ నేను ఎడమ వైపు పక్కపక్కనే రాసుకుని, ఎదురుగా 'స్థలం' అని పెట్టాను. ఎర్ర పెన్నుతో కింద గీత కూడా గీశాను. మూడు నెలలు ఆ పేజీ నా బల్ల మీద తెరిచే ఉంది. ఆ ఆదివారం సాయంత్రం ఆ పేజీ చూసుకునే ముందుగదిలోకి వెళ్ళాను.

క్షమాపణ అడగడానికి నాకు ఇంకా ఆరు నెలలు పట్టింది. ఎందుకంత ఆలస్యమో సరైన కారణమేదీ లేదు. ఒక రాత్రి అన్నాలయ్యాక, అత్త కంచాలు తీస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పాను. నేనన్నది తప్పు, ఆ మాటకు మళ్ళీ అనే అర్థం ఉంది, మొదటి నుంచి అనే అర్థమూ ఉంది, నువ్వు చెప్పిందే సరి, పదిమందిలో నిన్ను కూర్చోబెట్టాను, నన్ను క్షమించు అన్నాను.

"చదువుకున్నవాడివి, నిజమే అయ్యుంటుందనుకున్నాను నాయనా" అంది అత్త. "ఇన్నేళ్ళూ తప్పు చెబుతున్నానేమో, దేవుడి మాటను తప్పు చెప్పకూడదు కదా అని మానేశాను."

కోపంతో మానేసిందనుకున్నాను అప్పటిదాకా. నా మాట నమ్మి మానేసింది.

తరవాతి నెల ప్రార్థన మళ్ళీ మా ఇంట్లో జరిగింది. నేనే లేచి ముందుగా నా తప్పు అందరికీ చెప్పాను. నేతలో మొదలు పైన ఉంటుందన్న సంగతి అత్త దగ్గర నేర్చుకున్నానని చెప్పాను. ఆమె లేచింది. ఈసారి సాంతం విన్నాను. ఆ సాక్ష్యాన్ని అంతకుముందు నేనెప్పుడూ చివరిదాకా వినలేదు.

మామయ్య గార్డెన్ రీచ్ రైల్వే ఆఫీసులో పనిచేస్తూ 1984 ఎండాకాలంలో పోయాడు. అప్పుడు భవానీపూర్ పెద్దరోడ్డంతా మెట్రో కోసం తవ్వేసి ఉంది. అత్త ఇంట్లోంచి కదలడం మానేసింది. బంగ్లా రాదు. చీరాల వెళ్ళిపోదామంటే అక్కడా ఎవరూ లేరు, తాత అప్పటికే పోయాడు. తలుపు వేసుకుని పడుకునేది. ఆ ఇంటి మేడ మీద ఒక బెంగాలీ ముసలావిడ ఉండేది, అత్త ఆవిడను మాసిమా అంటుంది. ఆవిడ రోజూ పొద్దున్నే మెట్లు దిగి వచ్చి తలుపు కొట్టేది, టీ గ్లాసు పట్టుకుని. మొదట్లో అత్త తలుపు తీసేది కాదు. ఆవిడ గ్లాసు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయేది. సాయంత్రం మళ్ళీ దిగి వచ్చి ఖాళీ గ్లాసు పట్టుకెళ్ళేది.

ఆ ఏడాది అక్టోబరు 24న ఎస్‌ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా, 3.4 కిలోమీటర్లు, దేశంలోనే మొదటి మెట్రో నడిచింది. ఇప్పుడు నేతాజీ భవన్ అని పిలిచే స్టేషనుకు అప్పటి పేరు భవానీపూరే. కొద్ది రోజులకు మాసిమా వచ్చి తలుపు కొట్టి, అత్త చెయ్యి పట్టుకుని, చీర మార్చుకోమని సైగ చేసింది. ఇద్దరూ నడిచి వెళ్ళారు. నేలకిందికి మెట్లు దిగుతుంటే అత్తకు కాళ్ళు వణికాయట. మాసిమా చెయ్యి వదల్లేదు. చీకట్లో రైలు కదిలితే కళ్ళు మూసుకుంది. ఎస్‌ప్లనేడ్‌లో మెట్లెక్కి పైకి వస్తుంటే ముందు వెలుతురు కనపడింది, తరవాత మైదాను గడ్డి వాసన వచ్చింది.

"ఆ మెట్ల మీదే పుట్టాను నేను" అంది అత్త. "మాసిమా మేడ దిగి రాకపోతే పుట్టేదాన్ని కాదు."